ఖాళీ గుర్రానికి టిక్కెట్టు

ఆ పార్కులో అందరూ ఆమెను గుర్రాలమ్మ అనే పిలిచేవారు. పెళ్ళై వచ్చిన కొత్తలో ఆ పిలుపు వింటే ఆమెకు ఒళ్ళు మండేది. "నేనేమైనా గుర్రాలు కాస్తున్నానా?" అని మొగుడి మీద విసుక్కునేది. ఆయన గుర్రాల రాట్నం మోటారు దగ్గర పనిచేసేవాడు. "నువ్వు కాయకపోయినా అవి నిన్ను వదిలిపెట్టవు చూడు" అని నవ్వేవాడు. ఆయన అన్నట్టే అయింది. రోజూ ఆయనకు మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి ఇచ్చి వెళ్ళే మనిషి, గేటు దగ్గర పనివాడు మానేసిన రోజున "కాసేపు నిలబడవే" అంటే నిలబడింది. ఆ కాసేపు కాస్తా బతుకంతా అయి కూచుంది.

రాట్నం చుట్టూ నడుమెత్తు ఇనప కటకటాలు, వాటికి ఒక చిన్న గేటు. ఆ గేటు దగ్గర నిలబడి టిక్కెట్లు చింపడం, పిల్లల్ని గుర్రాల మీద కూర్చోబెట్టి నడుముకి బెల్టులు బిగించడం, ఆట ఆగాక విప్పి దింపడం ఆమె పని.

ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు గానీ, ఆ రోజుల్లో పార్కు లోపలికి రావడానికి ఇచ్చేది ఏమంత లేదు. ఎక్కేదానికే డబ్బు. దేని టిక్కెట్టు దానిదే, దేని రంగు దానిదే. పెద్ద చక్రానికి ఎరుపు, బొమ్మ రైలుకు ఆకుపచ్చ, పడవకు నీలం, గుర్రాలకు పసుపు. పసుపు టిక్కెట్టు పట్టుకుని పడవ దగ్గరికి పోతే పడవవాడు ఎవరు చెప్పినా ఎక్కించుకునేవాడు కాదు.

అందుకని ఇంటిల్లిపాదీ టిక్కెట్ల గది ముందు నిలబడి సంబంధం చూసినంత పని చేసేవారు. చక్రమైతే కళ్ళు తిరుగుతాయి, రైలేమో ఎక్కీ ఎక్కకముందే అయిపోతుంది, పడవలో కిందటిసారి వీడు కక్కుకున్నాడు. ఒక్కటంటే ఒక్కటి ఎక్కి వెళ్ళే పిల్లలు ఆ ఒక్కదాన్నే ఏడాదంతా చెప్పుకునేవారు. టిక్కెట్ల గదిలో కూర్చునేది ఆమె మొగుడి అక్క. ఆవిడ నోటికి జడిసి పార్కులో కుక్కలు కూడా ఆ పక్కకి పోయేవి కావు.

"తొందరగా తేల్చు నాయనా! నువ్వు తేల్చేలోపు గుర్రం ముసలిదైపోతుంది!"

అలా తేల్చుకుని వచ్చిన పసుపు కాగితాన్ని గుర్రాలమ్మ మధ్యకి చింపేది. సగం గేటుకు వేలాడే తీగకి గుచ్చేది, సగం పిల్లల చేతికిచ్చేది. వాళ్ళు దాన్ని అక్కడే కింద పారేసేవారు. పారేసినా ఫరవాలేదు. టిక్కెట్టు ఎవరికి తెగితే ఆ చోటు వాళ్ళది. అది ఆ పార్కులో చెప్పకుండానే అందరికీ తెలిసిన మాట.

ఆమెకు ఒక్కతే కూతురు. చువ్వలాంటి కాళ్ళు, ఒక్కచోట నిలవని నైజం. అందరూ పిచ్చుక అనేవారు. బడి వదలగానే సంచీ అత్త గదిలో పడేసి గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చేది. పనివాళ్ళ పిల్లలకు టిక్కెట్టు లేదు. ఏదైనా గుర్రం అమ్ముడుపోకుండా మిగిలితే ఎక్కొచ్చు. ఎక్కి కూర్చున్నాక టిక్కెట్టు పట్టుకుని ఎవరైనా వస్తే దిగిపోవాలి.

"అమ్మా, ఇవాళ మిగిలిందా?" ఆ పిల్ల రోజూ అడిగే మాట అదే.

మిగిలేది ఎప్పుడూ బూడిదరంగు గుర్రమే. అది లోపలి వరసలో ఉండేది, దానికి నగలూ పూసలూ చెక్కలేదు, ఒక చెవి చెక్కుపోయింది. డబ్బిచ్చి ఎక్కేవాళ్ళు దాన్నెందుకు ఎక్కుతారు? పిచ్చుక మాత్రం దాని మెడ కావలించుకుని, "మనిద్దరం మిగిలాం" అని దానితో ముచ్చట్లు పెట్టేది. సెలవు రోజుల్లో అదీ మిగిలేది కాదు.

"దిగవే, టిక్కెట్టు వచ్చింది."

కిక్కురుమనకుండా దిగేది. ఒక్కసారి మాత్రం దిగి, గేటు పట్టుకుని వేలాడుతూ అడిగింది. "నాకెప్పుడొస్తుందమ్మా టిక్కెట్టు?"

"మనింటి గుర్రానికి మనకి టిక్కెట్టేంటే పిచ్చిమొహమా!"

ఆ పిల్లకి ఒక చెడ్డ అలవాటుండేది. రాట్నం పూర్తిగా ఆగకముందే బెల్టు విప్పేసేది. మోటారు దగ్గర్నుంచి తండ్రి అరిచేవాడు. "ఒసేయ్, పళ్ళు రాలగొట్టుకుంటావే!" అరుపు పూర్తయ్యేలోపు కిందికి దూకి గేటు దగ్గరుండేది.

ముసురు పట్టిన వారంలో పార్కు మూసేశారు. పిల్లకి జ్వరమన్నారు. తగ్గుతుందన్నారు. తగ్గలేదు.

ఇల్లు పట్టుకుని ఉండలేక గుర్రాలమ్మ మళ్ళీ పనిలోకి వచ్చింది. ఇంట్లో ఏ మూల చూసినా ఏదో ఒకటి కనబడేది. గేటు దగ్గరైతే చేతులకు పనుంటుంది, చెవులకు పిల్లల గోలుంటుంది. పొద్దంతా బాగానే గడిచింది. సాయంత్రం రాట్నం చుట్టూ దీపాలు వెలిగాయి. పిల్లలు ఎక్కారు. బూడిద గుర్రం మిగిలింది.

"మిగిలిందా?" అని అడిగేవాళ్ళు లేరు.

అప్పుడు తట్టింది ఆమెకి. ఇన్నేళ్ళలో ఊళ్ళోవాళ్ళ పిల్లలందరికీ చింపిన చెయ్యి, తన పిల్ల కోసం ఒక్క టిక్కెట్టూ చింపలేదు. పిచ్చుక ఎక్కిందీ మిగిలిందే, దిగిందీ ఇంకొకరి కోసమే. గేటు వేసి గబగబా టిక్కెట్ల గదికి వెళ్ళింది.

"వదినా, ఒక పసుపు టిక్కెట్టియ్యి."

"ఎవరికే?"

చిల్లర పలక మీద పెట్టి నిలబడింది. నోటి దురుసుకి పేరుపడ్డ ఆ మనిషి మరదలి మొహం ఒకసారి చూసి, పుస్తకంలోంచి పసుపు కాగితం చించి ఇచ్చింది.

గుర్రాలమ్మ దాన్ని మధ్యకి చింపింది. సగం తీగకి గుచ్చింది, సగం పిల్లలు పారేసినట్టే కింద పారేసింది. లోపలికి వెళ్ళి బూడిద గుర్రం మీద ఎవరి నడుముకో బిగించినట్టు బెల్టు బిగించింది. ఆలస్యంగా ఒకాయన కూతుర్ని ఎత్తుకుని పరిగెత్తుకొచ్చాడు.

"అదుగో, అది ఖాళీగా ఉందిగా!"

"దానికి టిక్కెట్టు తెగిందండీ. పాపని తర్వాతి ఆటకి ఎక్కించండి."

ఆయన తీగ వంకా, గుర్రం వంకా చూసి, పాపని భుజం మార్చుకుని పక్కకి జరిగాడు. డబ్బిచ్చి కొనుక్కున్న చోటు. కొన్నవాళ్ళు కూర్చుంటారో, ఊరికే తిప్పుకుంటారో, అడిగే హక్కు ఎవరికుంది?

ఆ రోజు నుంచి అదే అలవాటైపోయింది. దీపాలు వెలిగిన వెంటనే వచ్చే ఆటకి బూడిద గుర్రం ఖాళీగా తిరిగేది. పార్కులో అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడేవారు కాదు. పడవవాడు ఆ వేళకి గట్టిగా నవ్వడం కూడా మానేశాడు.

మొదటి రోజు ఆమె గమనించలేదు. తర్వాత రెండు మూడు రోజులకు చూసింది. ఆట ఆగాక ఒక్కొక్క పిల్లనీ దింపుతూ బూడిద గుర్రం దగ్గరికి వచ్చేసరికి, తను బిగించిన బెల్టు ఊడి రెండు పక్కలా వేలాడుతోంది. మిగతా గుర్రాల బెల్టులు తను విప్పితే గానీ ఊడలేదు. ఆ మర్నాడూ అంతే. దాని మర్నాడూ అంతే.

ఇంటికి నడిచి పోతున్నప్పుడు మొగుడితో చెప్పింది.

"పాత కొక్కెం. అరిగిపోయుంటుంది" అన్నాడాయన.

"మనుషులు ఎక్కినప్పుడు ఊడదేమండీ?"

"బరువుంటే బిగుసుకుంటుంది. బరువు లేకపోతే ఊపుకి జారిపోతుంది. అంతే. దానికంత ఆలోచనెందుకు?"

బరువు లేదు అన్న మాట ఆమెకు కాలినచోటే మళ్ళీ కాలినట్టయింది. ఇక ఆయనతో అనలేదు. ఒక్కోరోజు గేటు దగ్గర నిలబడితే మోచేతి ఎత్తులోంచి "మిగిలిందా" అన్నట్టుండేది. తల తిప్పితే ఎవరూ ఉండరు. ఎవరి పిల్లో ఏదో అనుంటుందిలే అనుకునేది. ఆయనకీ వినబడేదో ఏమో, ఆ ఆటకి మాత్రం మీట లాగబోయే చెయ్యి గాల్లో ఒక్క క్షణం ఆగేది. ఆ తర్వాత రాట్నం తిరిగినంతసేపూ మోటారు వంకే చూస్తూ నిలబడేవాడు. పైకీ కిందికీ ఊగుతూ పోయే బూడిద గుర్రం వంక ఏనాడూ తలెత్తలేదు.

ఒకరోజు పొద్దున్నే ఆయన ఆమెకు చెప్పకుండా ఆ గుర్రానికి కొత్త కొక్కెం వేశాడు. సాయంత్రం ఆట ఆగింది. బెల్టు ఆమె ఎలా బిగించిందో అలాగే బిగిసి ఉంది. గుర్రాలమ్మ దాని ముందు అలా నిలబడిపోయింది. పిల్లలు "మమ్మల్ని దింపండి, దింపండి" అని గోల పెడుతున్నా కదల్లేదు. చివరికి ఆయనే వచ్చి పిల్లల్ని దింపాడు. ఇంటికెళ్ళాక ఆయనకి వడ్డించింది గానీ తను కంచం ముందు కూర్చోలేదు. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఆయనకి అనిపించింది.

మర్నాటికి పాత కొక్కెం మళ్ళీ వచ్చింది. ఆ సాయంత్రం ఆట ఆగేసరికి బెల్టు ఊడి వేలాడుతోంది. ఆయన నూనె చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వీపు ఇటు తిప్పి నిలబడ్డాడు.

అలా చాలా ఏళ్ళు గడిచాయి. పిచ్చుక ఈడు పిల్లలు పెద్దవాళ్ళై, తమ పిల్లల్ని ఎత్తుకొచ్చి గుర్రాల మీద కూర్చోబెట్టారు. పసుపు టిక్కెట్టు మాత్రం రోజూ సాయంత్రం తెగుతూనే ఉంది.

ఆ తర్వాత పార్కు చేతులు మారింది. కొత్తవాళ్ళు వచ్చీ రాగానే టిక్కెట్లు ఎత్తేశారు. రేపటి నుంచి ముందు గేటు దగ్గర ఒక్కసారి డబ్బు కడితే చేతికి కాగితపు పట్టీ కడతారు. అది ఉంటే రోజంతా ఏది కావాలంటే అది, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు. పట్టీ ఉందో లేదో మోటారు దగ్గరి మనిషే చూసుకుంటాడట. కాబట్టి కటకటాల గేటు దగ్గర మనిషి అక్కర్లేదన్నారు. ఆమెకి బెల్టులు బిగించే పని ఒక్కటే మిగిల్చారు.

జనం సంబరపడ్డారు. వదినగారు మాత్రం సణిగింది. "విందు భోజనంలా ఉంటుంది. తినేదానికంటే ఆకులో వదిలేసేదే ఎక్కువ."

ఇక సాయంత్రం చింపడానికి పసుపు కాగితం ఉండదని గుర్రాలమ్మకి తట్టింది. మొగుణ్ణి వెంటబెట్టుకుని కొత్త మేనేజరు గదికి వెళ్ళింది.

"సార్, గుర్రాలకి ఒక్క టిక్కెట్టు ఉంచరా? రోజుకి ఒక్కటి. డబ్బు నేనే కడతాను."

మేనేజరుకి అర్థం కాలేదు. మొగుడే నేల చూపులు చూస్తూ, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. మేనేజరు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. కుర్రవాడే గానీ మర్యాద తెలిసినవాడు.

"అమ్మా, టిక్కెట్టున్నన్నాళ్ళూ అది మీరు కొనుక్కున్న చోటు. ఎవరూ అడగడానికి లేదు. రేపటి నుంచి ఏ గుర్రమూ ఎవరిదీ కాదు. లైన్లో నిలబడ్డ పిల్ల వచ్చి, అదెందుకండీ ఖాళీగా తిప్పుతున్నారని అడిగితే నేనేం చెప్పను?"

"చెడిపోయిందని చెప్పండి సార్."

"చెడిపోతే బాగు చెయ్యమంటారు. బాగు కాదంటే తీసెయ్యమంటారు పైవాళ్ళు."

తీసెయ్యడం అన్న మాట వినగానే ఆమె మొగుడి చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేసింది.

మర్నాడు పట్టీలు మొదలయ్యాయి. పసుపు కాగితాల పుస్తకాలన్నీ మూలన పడ్డాయి. పిల్లలు ఎక్కేవారు, ఒక చుట్టు తిరగ్గానే "ఇది చాలు, చక్రానికి పోదాం" అని ఏడ్చేవారు, దిగి పరిగెత్తేవారు, మళ్ళీ వచ్చేవారు. బూడిద గుర్రం కూడా ఒక్క ఆటకీ మిగల్లేదు. దీపాలు వెలిగిన వేళ గుర్రాలమ్మ దాని దగ్గరికి వెళ్ళేసరికి ఎవరి పిల్లో అప్పటికే ఎక్కి కూర్చుంది. ఆ పిల్లని దిగమనడానికి ఆమె దగ్గర ఏ కాగితమూ లేదు. పిచ్చుకని దిగమని చెప్పి చెప్పి ఆ మాట ఆమె నోట్లోనే చచ్చిపోయింది కూడా. ఆ పిల్లకి బెల్టు బిగించి ఇవతలికి వచ్చేసింది.

పార్కు మూసేముందు, ఇప్పుడు ముందు గేటు గదిలో పట్టీలు కడుతున్న వదినగారి దగ్గరికి వెళ్ళింది.

"వదినా, ఒక పిల్లల పట్టీ ఇయ్యి."

"ఊరికే చేతికివ్వడానికి లేదే. ఇక్కడే కట్టి పంపాలి."

"అయితే కట్టు."

"ఎవరి చేతికి కట్టనే?"

అనేశాక గానీ ఆవిడకి తను ఏమన్నదో తెలియలేదు. కళ్ళు తుడుచుకుని, ఉన్నట్టుండి కిటికీ తలుపు కిందికి లాగేసింది. బయట నిలబడ్డవాళ్ళు తలుపు మీద కొడుతున్నా తియ్యలేదు.

గుర్రాలమ్మ మూసిన కిటికీ ముందే నిలబడి తన మణికట్టు వంక చూసుకుని, తలుపు దగ్గరికి వంగి చెప్పింది.

"రేపు నాకు కట్టు వదినా. పనికి రాను. డబ్బిచ్చి ముందు గేట్లోంచి వస్తాను."

అన్నట్టే మర్నాడు ఎండ వాలే వేళకి ఇస్త్రీ బట్టలు కట్టుకుని, చుట్టపు చూపుగా వచ్చినదానిలా ముందు గేట్లోంచి వచ్చింది. వదిన పట్టీ కట్టింది. రాట్నం ఖాళీ అవుతుండగానే పిల్లలకంటే ముందు వెళ్ళి బూడిద గుర్రమెక్కింది. మోకాళ్ళు గుండెలదాకా వచ్చాయి.

మొగుడు మోటారు దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చాడు.

"ఏమిటే ఇది? నలుగురూ చూస్తున్నారు, దిగు."

"నా చేతికి పట్టీ ఉందండీ. తిప్పండి."

ఆయన పట్టీ చూశాడు. ఆమె మొహం చూశాడు. వెళ్ళి మీట లాగాడు.

పిల్లలు విరగబడి నవ్వారు. "ఆంటీ గుర్రమెక్కింది రోయ్!" అని ఒకరు, "గుర్రం ఏడుస్తోంది చూడు" అని ఇంకొకరు. ఒక తల్లి కటకటాల అవతలినుంచి దెప్పింది. "పసిపిల్లలతో పోటీ ఏంటమ్మా, కాస్త వాళ్ళకి చోటివ్వకూడదూ?" గుర్రాలమ్మ గుర్రం కమ్మీ ఇంకా గట్టిగా పట్టుకుంది. ఒక ఆట అయింది, ఇంకో ఆట అయింది. దిగితే ఎవరో ఎక్కేస్తారు. దీపాలు వెలిగేదాకా ఆ చోటు కాయాలి. ఆమె చూసుకున్న దారి అదొక్కటే.

దీపాలు వెలిగాయి. ఆమె గుర్రం మీద బాగా వెనక్కి జరిగి, ముందు కాస్త చోటు వదిలింది. బెల్టు ఆ ఖాళీని కూడా కలుపుకుని బిగించింది. రెండు చేతులూ చాచి, మధ్యలో ఎవరో ఉన్నట్టు కమ్మీ పట్టుకుంది.

రాట్నం కదిలింది. ఆమె చూసింది. చేతుల మధ్య గాలి తప్ప ఏమీ లేదు. పిచ్చుక జుట్టు వాసన రాలేదు. చెక్క గుర్రం పైకి లేచింది, కిందికి దిగింది. తలెత్తి ముందుకి చూసింది. ఎన్నో ఏళ్ళు రాట్నం పక్కన నిలబడ్డ మనిషి, గుర్రం మీద నుంచి లోకం ఎలా ఉంటుందో చూడడం అదే మొదలు. చక్రం పోయింది, పడవ పోయింది, పాత టిక్కెట్ల గది కిటికీ పోయింది, అన్నీ ఒకదాన్నొకటి తరుముకుంటూ వెనక్కి పోతున్నాయి. ఏది ఎక్కడుందో తెలియక కళ్ళు చెదిరాయి. చెదిరిన కళ్ళు పట్టు కోసం వాటంతటవే గేటు వైపు తిరిగాయి.

గేటు దగ్గర ఎవరూ లేరు.

ఒక చుట్టు తిరిగి మళ్ళీ అక్కడికొచ్చింది. కళ్ళు మళ్ళీ అక్కడికే పోయాయి. కటకటాలున్నాయి, ఖాళీ తీగ ఊగుతోంది, మనిషి లేదు. మూడోసారి గేటు వచ్చేసరికి ఆమెకి తెలిసింది. ఇక్కడ కూర్చున్న పిల్ల ప్రతి చుట్టులోనూ చూసేది ఆ చోటే. ఇంకెటు చూస్తుంది? చూసినప్పుడల్లా అక్కడ అమ్మ ఉంది. చచ్చిపోయాక కూడా, ఇన్నేళ్ళుగా, ఏ సాయంత్రమూ అమ్మ లేకుండా లేదు. ఈ ఒక్కరోజే లేదు. గుర్రం మీద చోటు దక్కించుకోవాలని తనే గేటు దగ్గరి చోటు ఖాళీ చేసి వచ్చింది.

"ఆపండి!"

ఆ కేకకి ఆయన మీట వెనక్కి లాగాడు. రాట్నం ఇంకా ఆగలేదు. ఆమె బెల్టు లాగేసుకుని కిందికి దూకింది. తూలి పడబోయి, ఒక గుర్రం కాలు పట్టుకుని నిలదొక్కుకుని, పిల్లలను దాటుకుంటూ గేటు దగ్గరికి చేరింది.

ఆయన పరిగెత్తుకొచ్చాడు. "ఏమైందే? కళ్ళు తిరిగాయా?"

"మీరు వెళ్ళి తిప్పండి."

"కూర్చో కాసేపు. మంచినీళ్ళు తెస్తాను."

"తిప్పండీ! ఆట మధ్యలో ఉంది."

ఆయన మోటారు దగ్గరికి వెళ్ళాడు. ఎదురుచూస్తున్న పిల్లల్లో ఎవరో అప్పటికే బూడిద గుర్రమెక్కేశారు. ఎవరెక్కారో ఆమె చూడలేదు. ఇప్పుడు టిక్కెట్టు లేదు కదా. ఏ గుర్రమూ ఎవరిదీ కాదన్నప్పుడు పిచ్చుక ఏ గుర్రం మీదైనా ఉండొచ్చు.

మీట పడింది. గుర్రాలు కదిలాయి. గుర్రాలమ్మ గేటు ఊచ గట్టిగా పట్టుకుని, దీపాల వెలుతురు మొహాన పడేటట్టు ముందుకి జరిగి నిలబడింది. ఎదురుగా వచ్చిన ప్రతి గుర్రం వంకా చూస్తూ చెయ్యి ఊపింది.